రాణిగారి మీద మా బావ దర్యాప్తు

రెండున్నర వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన ఒక గ్రీకు రాణిని మా బావ తన భోజనాల గదిలో నిలబెట్టి నేరం ఒప్పించాడు.

ఒప్పించాడనడం కాస్త ఎక్కువే. ఆవిడ ఒప్పుకోలేదు. చచ్చిపోయిందని కూడా గట్టిగా చెప్పలేను, ఎందుకంటే ఆవిడ నాటకంలో మనిషి, అసలు పుట్టనే లేదు. భోజనాల గది మాత్రం నిజం. మా బావ కూడా, మా అందరి ఖర్మ కొద్దీ, నిజమే.

బావ అంటే మా అక్క మొగుడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బీమా కంపెనీలో దర్యాప్తు పని చేశాడు. ఎవరి దుకాణమైనా కాలిపోయినా, ఎవరి లారీ అయినా లోయలో పడినా, కంపెనీ చెయ్యి జేబులో పెట్టే ముందు ఈయన్ని పంపేది. ఈయన వెళ్లి బూడిద వాసన చూసి, యజమాని మొహం చూసి, ఒక్కటే ప్రశ్న అడిగేవాడు: "ఎవరికి లాభం?" అవతలివాడు నెత్తీ నోరూ కొట్టుకుని సర్వం పోయిందని ఏడుస్తుంటే, ఈయన ఆ ఏడుపులో శ్రుతి ఎక్కడ తప్పుతోందా అని చెవి ఒగ్గి వినేవాడు.

ఆ ఉద్యోగం వదిలినా ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ఎదురింటాయన గోడకి రంగు వేయిస్తే ఇల్లు అమ్మేస్తున్నాడంటాడు. పక్కింటావిడ నవ్వుతూ పలకరిస్తే నిచ్చెన ఎరువు అడగబోతోందంటాడు. మోకాళ్ల నొప్పులని మూలుగుతున్నాడు కదా అని నేను ఒక చేతికర్ర కొనిస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏరా, నేను ఎప్పుడు పడతానా అని చూస్తున్నావా?" అన్నాడు. వీధిలో అందరూ ఆయన్ని వెనకాల 'ఎవరికిలాభం గారు' అంటారు. ఎదురుపడితే 'సార్' అంటారు. అలా రెండు పేర్లు పెట్టుకోవడంలో ఎవరికి లాభమో ఆయన ఇంతవరకూ ఆరా తీయలేదు.

ఆయన దర్యాప్తులో ఇంకో పద్ధతి కూడా ఉండేది. చెప్పింది వినడు, చేసి చూపించమంటాడు. ప్రమాదం జరిగిన చోటే, జరిగింది జరిగినట్టు మళ్లీ చేయాలి. మనసులో దురుద్దేశం ఉన్నవాడి చెయ్యి రెండోసారి తడబడుతుందని ఆయన సిద్ధాంతం. ఒకసారి ఒక బేకరీ యజమాని, మంటల్లోంచి వెనకాల కిటికీలో దూరి బయటపడ్డానని చెప్పాడట. అయితే దూరి చూపించమన్నాడు మా బావ. ఆ పెద్దమనిషి ప్రాణభయంతో ఒకసారి దూరాడు కానీ, కంపెనీ భయంతో దూరలేకపోయాడు. నడుం దగ్గర ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి తీయాల్సి వచ్చింది. కాలగా మిగిలిన ఆ ఒక్క గోడా అలా పోయింది. మా బావ దీన్ని తన ఘనకార్యంగా చెప్పుకుంటాడు.

ఇలాంటి మనిషికి ఒక్కగానొక్క కొడుకు పుట్టాడు. మా మేనల్లుడు నెమ్మదస్తుడు. ఫోటోలకి ఫ్రేములు కట్టే దుకాణం పెట్టుకున్నాడు. అద్దం పలకలు, చెక్క పట్టీలు, జిగురు డబ్బాలు, వీటి మధ్య నోట్లో మేకులు పెట్టుకుని కూర్చుంటాడు. ఆ మేకుల వల్లే వాడు తక్కువ మాట్లాడతాడని మా అక్క అంటుంది. రెండేళ్ల కిందట ఆ దుకాణం సగం కాలిపోయింది. బీమా ఉంది. అప్పటికే పదవీ విరమణ చేసిన మా బావ, ఎవరూ పిలవకుండానే, పాత టార్చిలైటు పట్టుకుని వెళ్లాడు. కన్నకొడుకుని నిలబెట్టి, ఆ రోజు తలుపెలా వేశాడో, స్విచ్చి ఎలా ఆర్పాడో చేసి చూపించమన్నాడు. వాడు చూపించాడు. ఈయన తిన్నగా పాత ఆఫీసుకి వెళ్లి, "మావాడే అయినా చెప్పక తప్పదు, నాకు అనుమానంగా ఉంది" అని చెప్పి వచ్చాడు.

కంపెనీ ఇంకో మనిషిని పంపింది. ఆయన అటక ఎక్కి చూసి, ఎలుకలు కరెంటు తీగ కొరికాయని తేల్చాడు. ఎలుకలకి ఏం లాభమో మా బావ ఇప్పటికీ చెప్పలేదు. అన్నమాట వెనక్కి తీసుకోనూ లేదు. కొడుకు బట్టలు సర్దుకుని దుకాణం మీది గదిలోకి వెళ్లిపోయాడు. "తప్పు ఒప్పుకుని వస్తే తలుపు తీస్తాను" అని ఈయన. "చేయని తప్పు ఎలా ఒప్పుకుంటాను" అని వాడు. ఒప్పుకోకుండా వాణ్ణి ఇంట్లోకి రానిస్తే తాను బయటికి పోతానని కూడా ఈయన మా అక్కతో అన్నాడు. పోయుంటే బాగుండేది, కానీ ఈయన్ని ఎవరు రానిస్తారు?

అక్క ఒకసారి నాతో అంది: "నాకు వీళ్ల రాజీలూ క్షమాపణలూ అక్కర్లేదురా. వాడొచ్చి ఈ బల్ల దగ్గర కూర్చుని, కూరలో ఉప్పెక్కువైందని నన్ను సాధించాలి. అంతే."

అంత చిన్న కోరిక. దానికి అడ్డంగా అంత పెద్ద మనిషి.

ఇక నాటకం సంగతి. మా వీధి చివర గ్రంథాలయం పైగదిలో ఒక సాహిత్య సంఘం ఉంది. జీవితమంతా ఆఫీసుల్లో సంతకాలు పెట్టి, ఇప్పుడు పెట్టడానికి కాగితాలు లేక సాహిత్యం మీద పడ్డవాళ్ల సంఘం అది. ఆ ఏడు వార్షికోత్సవానికి ఒక పాత గ్రీకు విషాద నాటకం వేద్దామన్నారు. ఎందుకంటే అందులో పాటలు లేవు, ఖరీదైన దుస్తులు లేవు, దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. దర్శకత్వం మా బావకి అప్పగించారు. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని ఆయన ఏడాదంతా దర్యాప్తు చేస్తాడని.

నాటకం కథ ఇదీ. ఒక రాజు, కొడుకు తన సింహాసనం మీద కన్నేశాడని అనుమానించి దేశం నుంచి తరిమేస్తాడు. ఆ కొడుకు శత్రువుల సైన్యంతో తిరిగొస్తాడు. కోట తలుపు మూసి ఉంటుంది. రాణి, అంటే వాడి తల్లి, ఒక్కతీ వెళ్లి గడియ తీస్తుంది. కొడుకు లోపలికొస్తాడు. వాడి వెనకాలే సైన్యమూ వస్తుంది. ఊరు తగలబడిపోతుంది. ఆఖర్న రాజు ఆ బూడిదలో నిలబడి, "ఎందుకు తీశావు?" అని అడుగుతాడు. రాణి జవాబు చెప్పదు. నాటకం అయిపోతుంది. రాసిన మహానుభావుడు అసలు ముక్క రాయకుండా చేతులు దులుపుకుని పోయాడు.

బూడిద, తెరిచిన గడియ, నోరు విప్పని ముద్దాయి. మా బావకి పండగే.

పళ్ల డాక్టరుకి రాజు వేషం ఇచ్చారు. ఆయన మా వీధికి కొత్త, మంచి కంఠం, ఎవరింట్లో ఏం జరిగిందో ఇంకా తెలియదు. నేనూ ట్యూషన్ మాస్టారూ ఊరి పెద్దల గుంపు. గుంపు అంటే మేమిద్దరమే. రాణి వేషం మా అక్కకి పడింది. బయటి ఆడవాళ్లనైతే తాను అంతగా నిలదీయడం బాగుండదని బావే అన్నాడు. పెళ్లాన్నైతే బాగుంటుందన్నమాట.

మొదటి రోజే నల్లబల్ల మీద మూడు మాటలు రాశాడు: ప్రేమ, పగ, పదవి. "రాణి గడియ ఎందుకు తీసింది? కొడుకు మీద ప్రేమా? మొగుడి మీద పగా? కొడుకు రాజైతే రాజమాత కావచ్చన్న ఆశా? ఇందులో ఒకటే నిజం. మిగతా రెండూ ముసుగులు. లాగెయ్యాలి."

"మూడూ కలిసి ఉండకూడదా సార్?" అన్నాడు పళ్ల డాక్టరు. "నా దగ్గరికొచ్చేవాడికి నొప్పి ఉంటుంది, భయం ఉంటుంది, నా మీద కోపం కూడా ఉంటుంది. నోరు మాత్రం ఒక్కసారే తెరుస్తాడు."

"నోరు వేరు, కోట తలుపు వేరు" అన్నాడు బావ. "నా అనుమానం పదవి మీద."

ట్యూషన్ మాస్టారు తొందరపడే మనిషి కాదు. కళ్లజోడు తుడుచుకుని అడిగాడు: "రాణి సంగతి సరేనండీ, రాజు మాటేమిటి? కొడుకు కుట్ర చేశాడనడానికి రుజువేదీ? నేను నాటకమంతా వెతికాను. ఒక్క సాక్షి లేడు. రాజుకి అనిపించింది, తరిమేశాడు. ఆయన లోపల ఏముందో కూడా చూడాలి కదా. భయమా, అసూయా?"

"రాజుని విచారించం" అన్నాడు బావ.

"ఎందుకనీ?"

"రాజు ఫిర్యాదుదారుడు."

"రాజుకి మాత్రం లాభం ఉండదా బావా?" అన్నాను నేను, ఊరుకోలేక.

"ఒరేయ్, రాజంటే కంపెనీ లాంటివాడు. కంపెనీకి ఉద్దేశాలుండవు, నిబంధనలుంటాయి."

పళ్ల డాక్టరు తప్ప గదిలో ఉన్న అందరం పంకా వైపు చూశాం. అక్క మాత్రం తన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. చిన్నప్పుడు మా కాన్వెంటు బడిలో సిస్టర్లు తప్పు ఎవరు చేశారనే అడిగేవారు, ఎందుకు చేశావని ఎన్నడూ అడిగేవారు కాదు. స్కేలుతో రెండు తగిలించి ఇంటికి పంపేవారు. అది ఎంత మర్యాదో నాకు ఆ రోజు తెలిసొచ్చింది. నలభై ఏళ్లు పరాయివాళ్ల మనసుల్లో చెయ్యి పెట్టి కెలికిన మనిషి, తన జేబు ఒక్కసారైనా తడిమి చూసుకోలేదు.

మాటలతో తేలకపోయేసరికి బావ పాత పద్ధతిలోకి దిగాడు. చేసి చూపించాలి. గ్రంథాలయం పైగదికి ఉన్నది జారుడు తలుపు, దానికి గడియ లేదు. అందుకని ఆదివారాలు సాధన తన ఇంట్లోనే పెట్టాడు. భోజనాల గదిలోంచి పెరట్లోకి ఒక తలుపుంది. బరువైన చెక్క తలుపు, ఇనప గడియ. అదే కోట తలుపు.

"ప్రేమతో తియ్యి" అన్నాడు.

అక్క తీసింది.

"ఇప్పుడు పగతో."

అక్క మళ్లీ తీసింది. నాకు తేడా కనపడలేదు. ఆ గడియ కొంచెం బిగువు, ఏ ఉద్దేశంతో తీసినా కిర్రుమంటుంది. బావ మాత్రం వంగి, ఆవిడ మణికట్టు దగ్గర మొహం పెట్టి చూశాడు.

"నువ్వు ఊరికే తలుపు తీస్తున్నావు" అన్నాడు విసుగ్గా. "బట్టలు ఆరేయడానికి వెళ్తున్నట్టు."

"బట్టలు ఆరేయడానికే తీస్తాను కదండీ రోజూ" అంది అక్క. "బయట ఎవరూ లేరు. గాలికి తలుపు తియ్యమంటే నేను ఎవర్ని తలుచుకుని తియ్యాలి? బయట ఒక మనిషి నిలబడి ఉండాలి."

"అయితే ఎవర్నో ఒకర్ని నిలబెట్టుకో. వచ్చే వారానికి సిద్ధం చెయ్యి. దానిక్కూడా నన్నే అడగాలా?"

ఇది ఆయన నోటితో అన్నమాట. మేం నలుగురం విన్నాం.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "నువ్వెళ్లి వాణ్ణి తీసుకురారా" అంది.

"బావకి తెలిస్తే..."

"ఆయనే కదా తెమ్మన్నారు. ఎవరో ఒకరు అన్నారు. వాడు ఎవరో ఒకరు కాడా?"

దుకాణానికి వెళ్లాను. మేనల్లుడు ఎవరిదో పెళ్లిఫోటోకి పట్టీలు బిగిస్తున్నాడు. సంగతి చెప్పాను. మేకులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి డబ్బాలో వేశాడు.

"నేను క్షమాపణ చెప్పను మామయ్యా."

"చెప్పక్కర్లేదురా. ఆ సీనులో నీకు మాటలే లేవు. తలుపు తీస్తే నిలబడి ఉండాలి, అంతే. అంతకంటే చిన్న వేషం ఆ నాటకంలో గుర్రానిది ఒక్కటే."

"నేనొస్తే ఆయన ఏమంటాడు?"

"ఎవరికి లాభం అంటాడు. ఏం చెబుతావు?"

వాడు కాసేపు ఆ పెళ్లిఫోటో అద్దం తుడిచాడు. "అమ్మ రమ్మందా?"

"మీ అమ్మే."

"అయితే వస్తాను. లోపలికి మాత్రం రాను. ఆయన రమ్మంటేనే వస్తాను."

నాకు ఉసూరుమంది. మా బావ నోటి వెంట 'రా' అన్న మాట వాడు పుట్టాక ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. అయినా ఆదివారం మధ్యాహ్నం వాణ్ణి వెనక సందులోంచి తీసుకెళ్లి, పెరట్లో ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబెట్టాను. వాడి వేళ్లకి జిగురు అలాగే ఉంది. నేను చుట్టూ తిరిగి వీధి వైపు నుంచి లోపలికి వెళ్లి నా గుంపులో కలిశాను.

భోజనాల బల్ల గోడకి జరిపి ఉంది. దాని మీద అక్క అప్పటికే కంచాలు పెట్టింది. ఒకటి ఎక్కువే పెట్టిందని నేను గమనించాను. అంత గొప్ప దర్యాప్తు అధికారి గమనించలేదు. ఆయన మోకాళ్ల మీద కాగితాలు పెట్టి రాసుకునే అట్ట పెట్టుకుని కుర్చీలో కూర్చుని, "కానివ్వు. మనసులో ఏముంటే దాంతోనే తియ్యి. నేను కనిపెడతాను" అన్నాడు.

అక్క వెళ్లి గడియ లాగింది. కిర్రుమంది. తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో వాడు.

బావ లేచి నిలబడ్డాడు. కొడుకు మొహం చూడలేదు, కాళ్లు చూశాడు. అది వృత్తి అలవాటు. కాలిన చోట మనిషి కనబడితే ముందు చెప్పులు చూడాలట. వాడు గడపకి అవతలే ఉన్నాడు, ఒక్క వేలు కూడా ఇటు లేదు. ట్యూషన్ మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

పాపం పళ్ల డాక్టరు. ఆయనకి ఏమీ తెలియదు. అందరూ ఆగిపోయారంటే వంతు తనదే అనుకుని, దుప్పటి భుజం మీదికి లాక్కుని, ఆ మంచి కంఠంతో అడిగేశాడు: "ఎందుకు తీశావు?"

రాణి జవాబు చెప్పకూడదు. నాటకంలో అలాగే ఉంది. మా అక్క చెప్పింది.

"మీరు కాదు డాక్టరుగారూ" అంది, మొగుడి వైపు తిరిగి. "ఆయన్ని అడగమనండి."

ఆ గదిలో మా బావ అంత చిన్నగా ఎన్నడూ కనబడలేదు. అడగడానికి ఆయన దగ్గర ఒక్కటే ప్రశ్న ఉంది, అది అడిగితే మా అందరికీ జవాబు తెలుసు. అట్ట వైపు చూశాడు, డాక్టరు వైపు చూశాడు. నా వైపు చూసినప్పుడు మాత్రం ఇదంతా నా పనేనని తేల్చేసుకున్నాడు. నేను మర్యాదగా నవ్వాను.

ట్యూషన్ మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడేం జరగాలో దర్శకులు చెప్పాలి. రాజు ఇక్కడ ఏం చేస్తాడండీ?"

పొమ్మంటే నలుగురి ముందు పొమ్మన్నట్టు. రమ్మంటే రెండేళ్లు తప్పు చేసినట్టు. మా బావ ఆ రెండింటి మధ్య బేకరీ యజమానిలా ఇరుక్కుని, ఎంత పిరికివాడికైనా దొరికే చిన్న సందు ఒకటి వెతుక్కున్నాడు.

"కొడుకు వేషం వేసినవాడు లోపలికి రావాలి" అన్నాడు, గోడకి చెబుతున్నట్టు. "గుమ్మంలో నిలబడిపోతే సీను నడవదు."

మేనల్లుడు కదల్లేదు. "చెప్పులు విప్పాలా?" అని అడిగాడు.

"నాటకంలో అయితే అక్కర్లేదు. ఇంట్లోకైతే విప్పాలి."

"ఇప్పుడు ఏది?"

పెరట్లో దుప్పట్లు గాలికి కొట్టుకుంటున్నాయి. బావ అట్టని చంకలో పెట్టాడు, మళ్లీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"విప్పు" అన్నాడు.

వాడు విప్పాడు. అక్క ఏడుస్తుందనుకున్నాను, ఆవిడ బల్లని గోడ దగ్గర్నుంచి లాగుతూ, "ఆ పక్క పట్టుకోరా, అన్నం చల్లారిపోతోంది" అని నన్ను కసిరింది. డాక్టరు దుప్పటి తీసి మడత పెట్టాలా వద్దా తెలియక నిలబడ్డాడు. ఆయనకీ కంచం పెట్టారు. కొడుకు తలొంచుకుని రెండు ముద్దలు తిని, "కూరలో ఉప్పెక్కువైందమ్మా" అన్నాడు. మా అక్క మొహం అప్పుడు చూడాల్సింది. బావ వెంటనే, "నాకేం ఎక్కువనిపించలేదే" అన్నాడు. ఈ మనిషి బాగుపడడు.

ఆ నాటకం స్టేజీ ఎక్కలేదు. రాణి ఉద్దేశం తేలకుండా ప్రదర్శించడం బాధ్యతారాహిత్యమని దర్శకులు వాయిదా వేశారు. అక్కకీ ఆ వేషం మీద మోజు తీరిపోయింది. ఎలుకల గురించి ఆయన ఇప్పటికీ ఒక్క ముక్క అనలేదు. అనడు. సహజమైన నటన రాబట్టడానికి ఆ ఏర్పాటంతా తానే చేశానని గ్రంథాలయంలో చెప్పుకున్నాడని విన్నాను. మేనల్లుడు మాత్రం ఆదివారం ఆదివారం వస్తాడు. ఈ మధ్య ఇంట్లో నిచ్చెనేసుకుని అటక మీది కరెంటు తీగలు మారుస్తుంటే, కింద నిచ్చెన పట్టుకున్నది మా బావే. ఎందుకు పట్టుకున్నాడో నేను అడగలేదు. ఆయనలా నేనూ తయారవుతానేమోనని భయం.

ఇదంతా రాశాక, మనిషి బతికుండగా రాసింది ఆయనకి వినిపించడం ధర్మమని, వెళ్లి మొదటి నుంచి చివరిదాకా చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఆపాక కళ్లు తెరిచి, కాగితాలు ఇమ్మని చెయ్యి చాపి, నేను ఇవ్వకపోయేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు" అన్నాడు. "నేను ఏ నాటకానికీ దర్శకత్వం వహించలేదు. మీ అక్క ఏ రాణి వేషమూ కట్టలేదు. ఆ పళ్ల డాక్టరు ఎవరో నాకు తెలియదు. మావాణ్ణి నేను పొమ్మన్నది ఎప్పుడు? వాడు ఎక్కడికీ వెళ్లలేదు. వాడెప్పుడూ ఈ ఇంట్లోనే ఉన్నాడు."